పాత అంబాసిడర్‌లో పట్టేసిన వాల్వులు: విడిపించడం నుంచి టాపెట్ గ్యాప్ పెట్టడం దాకా

ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిపోయిన అంబాసిడర్‌ను బయటికి లాగగానే చాలామంది చేసే పని, కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడం. ఇంజన్ తిరుగుతుంది. లోపల ఎక్కడో ‘టక్’మంటుంది. ఆ ఒక్క చప్పుడుతో పుష్‌రాడ్, అంటే వాల్వు తెరవడానికి కింది నుంచి నెట్టే సన్న కడ్డీ, వంగిపోయి ఉంటుంది, కొన్నిసార్లు రెండు. పావు లీటరు ఆయిలు, రెండు రోజుల ఓపికతో తీరే పని అక్కడి నుంచి హెడ్డు, అంటే వాల్వులున్న ఇంజన్ పైభాగం, విప్పే పని అవుతుంది. అందుకే ఈ మార్గదర్శి మొత్తానికీ ఒకటే షరతు: అన్ని వాల్వులూ స్వేచ్ఛగా కదులుతున్నాయని కళ్లతో చూసేదాకా సెల్ఫ్ ముట్టుకోవద్దు.

ఇందులో చెప్పేదంతా 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. ఇంగ్లండ్ కార్ల కంపెనీ బీఎంసీ వారి బి సిరీస్ డిజైన్ అది. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్లలో మార్క్ 2 నుంచి మార్క్ 4 దాకా అదే ఉండేది. 1957 నాటి మొదటి బళ్లలో ఉన్న 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్‌లో వాల్వులు హెడ్డులో కాదు, బ్లాకులోనే ఉంటాయి. తర్వాత వచ్చిన ఇసుజు 1800 ఇంజన్ అమరిక పూర్తిగా వేరు. ఆ రెండింటికీ ఇక్కడి కొలతలు వాడకండి.

వాల్వు ఎందుకు పట్టేస్తుంది

వాల్వు స్టెమ్, అంటే దాని కాడ, సుమారు 8.7 మిల్లీమీటర్ల లావు. అది గైడు అనే ఇనుప గొట్టంలో పైకీ కిందికీ ఆడుతుంది. పెట్రోల్, గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్ వైపు స్టెమ్‌కు, గైడుకు మధ్య సందు 1.5 నుంచి 2.5 థౌ. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు వేడి ఎక్కువ కాబట్టి అక్కడ 2 నుంచి 3 థౌ ఉంటుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇంత సన్నని సందు మూసుకుపోవడానికి పెద్ద చెత్త అక్కర్లేదు.

ఇన్‌లెట్ వైపు సాధారణంగా పాత పెట్రోలే కారణం. ఆవిరైపోగా మిగిలిన జిగురు స్టెమ్ మీద లేత గోధుమ రంగు వార్నిష్‌లా గట్టిపడుతుంది. గోరుతో గీకితే రాదు గానీ అసిటోన్ తగిలితే కరుగుతుంది. ఎగ్జాస్ట్ వైపు చేరేది నల్లటి గట్టి మసి. దానికి ద్రావకాలు అంతగా పనిచేయవు, నానబెట్టి కదిలించాల్సిందే. మూడోది తుప్పు. ఇంజన్ ఆగిన క్షణంలో ఒకటి రెండు వాల్వులు తెరుచుకునే ఉంటాయి. వాటి గుండా తేమ లోపలికి వెళ్లి స్టెమ్ మీదా, మూసుకున్నప్పుడు వాల్వు ఆనే సీటు మీదా కూర్చుంటుంది. కోస్తా జిల్లాల్లో నిలబెట్టిన బళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకులోనూ కార్బురేటర్‌లోనూ నెలల తరబడి వదిలేస్తే పరిస్థితి ఇంకా పాడవుతుంది.

నాలుగో కారణాన్ని ఎవరూ అనుమానించరు. కొత్తగా ఓవర్‌హాల్ చేసిన ఇంజన్‌లో కొత్త గైడు కొట్టి, రీమర్‌తో దాని రంధ్రాన్ని సరిపడా వెడల్పు చేయకుండా బిగించడం. చల్లగా ఉన్నప్పుడు వాల్వు బాగానే ఆడుతుంది. ఇంజన్ వేడెక్కగానే స్టెమ్ ఉబ్బి గైడులో బిగుసుకుంటుంది, చల్లారాక మళ్లీ వదులుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ మిస్సయి, ఐదు నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటే అది మసి లేదా జిగురు. వేడెక్కాక మిస్సు మొదలై, ఆపి చల్లార్చాక పోతే గైడు టైటు. రెండో జబ్బుకు ఎంత ఆయిల్ పోసినా ప్రయోజనం ఉండదు, రీమర్ పడాల్సిందే.

ఏ వాల్వు, ఏ జబ్బు

టాపెట్ కవర్ తీయగానే, వాల్వులను కిందికి నొక్కే రాకర్ల వరుస కనిపిస్తుంది. కవర్ మీద రెండే నట్లు ఉంటాయి. వాటి కింది రబ్బరు వాషర్లు, కప్పులు పోకుండా చూసుకోండి. ముందు నుంచి, అంటే రేడియేటర్ వైపు నుంచి లెక్కపెడితే 1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వులు. 2, 3, 6, 7 ఇన్‌లెట్. ఈ వరుసను ఒక చీటీ మీద రాసి ఎయిర్ ఫిల్టర్‌కు అంటించుకోండి, పని మొత్తం దాని మీదే నడుస్తుంది.

ఇప్పుడు స్టీలు స్కేలు ఒకటి స్ప్రింగ్ టోపీల మీద వరుసగా ఆనించి చూడండి. కామ్ (పుష్‌రాడ్లను ఎత్తే షాఫ్ట్) నొక్కుతున్న వాల్వులు కిందికి ఉండటం సహజమే. కానీ రాకర్ వదులుగా ఆడుతూ కూడా వాల్వు కిందనే ఉండిపోతే, అది తెరుచుకున్న స్థితిలో పట్టేసిందన్నమాట. అలాంటి చోట రాకర్ ముక్కుకు, స్టెమ్ కొనకు మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ కనిపించవచ్చు. పుష్‌రాడ్ రాకర్ స్క్రూ గుండు నుంచి జారి పక్కకు ఒరిగి ఉండొచ్చు కూడా. ఈ స్థితిలో ఇంజన్ తిప్పితే వంగేది ఆ రాడ్డే.

కంప్రెషన్ లేని సిలిండర్‌లో గ్యాప్, అంటే మూసుకున్న వాల్వు స్టెమ్ కొనకు, రాకర్ ముక్కుకు మధ్య ఖాళీ, మామూలుగానే ఉంటే వాల్వు పట్టలేదు, కాలిపోయి ఉండొచ్చు. గ్యాప్ అసలే లేకపోతే సీటు లోపలికి తినేసుకుని వాల్వు పైకి వచ్చేసిందని అర్థం. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం పెట్రోల్ పూర్తిగా ఆగిపోయింది. ఆ సీసం పాత ఇనుప సీట్లకు ఒక పొరలా పనిచేసేది. అది పోయాక గట్టి సీట్లు వేయించని హెడ్డుల్లో, ముఖ్యంగా హైవే మీద గట్టిగా తోలిన బళ్లలో, ఎగ్జాస్ట్ గ్యాప్ దానంతటదే తగ్గిపోతూ వస్తుంది. అంటే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టిన మొదటి నిమిషంలోనే మూడు జబ్బులు వేరుపడతాయి: గ్యాప్ మరీ ఎక్కువైతే పట్టేసింది, సరిగ్గా ఉండీ కంప్రెషన్ లేకపోతే కాలి ఉండొచ్చు, గ్యాప్ లేకపోతే సీటు అరిగింది.

సామాన్లు

ఫీలర్ గేజ్, అర అంగుళం రింగు స్పానర్, వెడల్పు కొన ఉన్న స్క్రూడ్రైవర్, ప్లగ్ స్పానర్, స్టార్టింగ్ హ్యాండిల్, ప్లాస్టిక్ సుత్తి, బొటనవేలంత లావు ఇత్తడి కడ్డీ ఒక జానెడు, పొడవు ముక్కు ఉన్న ఆయిల్ క్యాన్, కంప్రెషన్ గేజ్. నట్లు పాత ఇంచు సైజులవి. మెట్రిక్ స్పానర్‌తో తిప్పితే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. మంచి ఇంచు సెట్టు ఒకటి కొనుక్కోవడం ఈ బండి ఉన్నవాళ్లకు ఖర్చు కాదు, అవసరం.

నానబెట్టే ద్రావణానికి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలపండి. 100 మిల్లీలీటర్లు అది, 100 ఇది చాలు. రెండూ విడిపోతాయి కాబట్టి వాడే ప్రతిసారీ సీసాను బాగా ఊపాలి. అసిటోన్ పెయింటును తినేస్తుంది, ఇట్టే అంటుకుంటుంది. ఫెండర్ల మీద మందపాటి గుడ్డ కప్పండి, తలుపులు తెరిచి పెట్టండి, దగ్గర్లో బీడీ, సిగరెట్ వెలిగించనివ్వకండి. అసిటోన్ దొరక్కపోతే డీజిల్, ఏటీఎఫ్ సగం సగం వేసుకున్నా పని జరుగుతుంది, కాకపోతే ఇంకో రోజు ఎక్కువ నానాలి.

ముందు పిస్టన్లు కదలాలి

బ్యాటరీ వైరు తీసేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. ప్లగ్గుల గుంటల్లో దుమ్మును గాలితో ఊది, అప్పుడే ప్లగ్గులు విప్పండి. ఒక్కో సిలిండర్‌లోకి 20 నుంచి 30 మిల్లీలీటర్ల ద్రావణం పోయండి, అంతకు మించి వద్దు. కారణం లెక్కలోనే ఉంది. ఒక్కో సిలిండర్ 372 సీసీ. పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు, కంప్రెషన్ నిష్పత్తిని బట్టి, 50 నుంచి 60 సీసీ మాత్రమే. అందులో ద్రవం నిండిపోయి ఉండగా ప్లగ్గు బిగించి తిప్పితే ద్రవం నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఈ పని సాగినంతసేపూ ప్లగ్గులు బయటే ఉండాలి.

ఒక రాత్రి నానాక హ్యాండిల్ పెట్టి తిప్పండి. పావు చుట్టు ముందుకు, కాస్త వెనక్కి. చేతికి గట్టిగా తగిలితే అక్కడే ఆగాలి. ఆ గట్టిదనం మెత్తగా, సాగినట్టు ఉంటే పిస్టన్ రింగులు పట్టాయని అర్థం. గోడకు తగిలినట్టు ఒక్కసారిగా ఆగితే వాల్వు పిస్టన్‌ను తాకుతోందేమో, పుష్‌రాడ్ ఇరుక్కుందేమో చూడాలి. తెరుచుకుని పట్టేసిన వాల్వులు కనిపించి ఉంటే, హ్యాండిల్ ముట్టుకునే ముందే ఆ సిలిండర్ పుష్‌రాడ్లు తీసేయండి.

పుష్‌రాడ్ తీయడానికి రాకర్ షాఫ్ట్ విప్పనక్కర్లేదు. అడ్జస్టింగ్ స్క్రూను పూర్తిగా వెనక్కి తిప్పి, వాల్వు స్ప్రింగును కిందికి నొక్కి, రాకర్‌ను పక్కనున్న స్ప్రింగు మీదికి జరిపితే రాడ్ బయటికొస్తుంది. వాల్వు అప్పటికే కింద ఉండిపోతే నొక్కే పని కూడా ఉండదు. షాఫ్ట్ చివర్లలో ఉన్న 1, 8 రాకర్లకు జరగడానికి చోటుండదు. వాటికి షాఫ్ట్ కొసన ఉన్న పిన్ను తీసి రాకర్‌ను బయటికి లాగాలి. రాడ్‌ను ఒక్కసారిగా పైకి లాగకండి. కామ్ మీద ఆని రాడ్‌ను మోసే కింది టాపెట్‌కు ఆయిల్ వల్ల అంటుకుని ఉంటుంది, రెండు వేళ్లతో తిప్పి విడిపించి తీయండి, లేకపోతే టాపెట్ కూడా దాంతో పాటు పైకి లేచి పక్కకు ఒరుగుతుంది. ప్రతి రాడ్‌నూ అట్టముక్కకు ఎనిమిది చిల్లులు పొడిచి దాని నంబరు చిల్లులోనే గుచ్చండి. గాజు పలక మీద దొర్లించి చూడండి. ఎగుడుదిగుడుగా దొర్లితే అది వంగింది, సరిచేసి మళ్లీ వాడొద్దు.

హెడ్డు విప్పకుండా విడిపించడం

పట్టేసిన వాల్వున్న సిలిండర్ పిస్టన్‌ను సగం కిందికి తెచ్చి ఆపండి. ఆయిల్ క్యాన్ ముక్కును స్ప్రింగు చుట్ల మధ్య నుంచి పోనిచ్చి, స్టెమ్ గైడులోకి దిగే చోట నాలుగైదు చుక్కలు వేయండి. స్ప్రింగు మీద పోసిన ఆయిల్ గైడుకు చేరదు, కచ్చితంగా ఆ మెడ దగ్గరే పడాలి. రెండు మూడు గంటలకోసారి మళ్లీ వేయండి. పట్టిన చోటికి కింద నుంచి కూడా ద్రావణం చేరాలంటే కార్బురేటర్ తీసి ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లోకి కొంచెం పిచికారీ చేయొచ్చు. ఎగ్జాస్ట్ వాల్వుకు ప్లగ్ రంధ్రమే దారి.

ఒక రోజు నానాక రాకర్‌ను పక్కకు జరిపి, ఇత్తడి కడ్డీని స్టెమ్ కొన మీద నిటారుగా నిలబెట్టి, ప్లాస్టిక్ సుత్తితో తేలిగ్గా తట్టండి. గోడకు మేకు కొట్టినట్టు కాదు, కుండ మోగుతుందో లేదో చూసినట్టు. ఇక్కడ చాలామంది తికమకపడతారు: ఇప్పటికే తెరుచుకున్న వాల్వును ఇంకా కిందికి కొట్టడం ఏమిటని. వాల్వును పైకి లాగే శక్తి ఎప్పుడూ స్ప్రింగులో ఉంటుంది. మన తట్టుడు చేసేదల్లా జిగురు పట్టును తెంచడమే. ఒక మిల్లీమీటరు కిందికి కదిలినా ఆయిల్ ఆ సందులోకి దిగుతుంది, స్ప్రింగు రెండు మిల్లీమీటర్లు పైకి లాగుతుంది. తట్టాలి, ఆయిల్ వేయాలి, పది నిమిషాలు ఆగాలి, మళ్లీ తట్టాలి. వాల్వు కిందికి పోయి పైకి రాకపోతే వెంటనే ఆపండి. ఇంకా కొడితే ఎక్కువ మసి ఉన్న చోటికి దింపుతున్నారని అర్థం.

తట్టడం కన్నా బాగా పనిచేసేది తిప్పడం. స్ప్రింగు టోపీ అంచును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పండి. స్టెమ్ గైడులో గుండ్రంగా తిరిగితే మసి పొడిగా రాలుతుంది. కొంచెం కదలిక మొదలయ్యాక వాల్వును ఓ ఇరవై ముప్పై సార్లు చేత్తో నొక్కి వదలండి. రబ్బరులా నెమ్మదిగా కాక, చటుక్కున ఎగిరి సీటు మీద ‘టప్’మని కూర్చోవాలి. ఆ చప్పుడు వినిపించేదాకా పని పూర్తికానట్టే.

తాడు పద్ధతి

తెరుచుకుని బిగుసుకుపోయిన వాల్వు స్ప్రింగుకు లొంగకపోతే కింద నుంచి నెట్టాలి. అందుకు మెత్తని, అల్లిన నైలాన్ తాడు కావాలి. 8 మిల్లీమీటర్ల లావు, మీటరున్నర పొడవు. సన్న తాడు వాల్వు అంచుకు, సీటుకు మధ్య ఇరుక్కుంటుంది కాబట్టి పనికిరాదు. కొసలు నిప్పుతో కాల్చి ముడివేయండి, లోపల పోగులు ఊడకూడదు.

ఆ సిలిండర్ రెండు పుష్‌రాడ్లూ తీసేసి ఉండాలి. లేకపోతే పక్క వాల్వును కామ్ తెరిచి తాడు మీదికి నొక్కుతుంది. పిస్టన్ కిందికి ఉన్నప్పుడు ప్లగ్ రంధ్రం గుండా తాడును ఎక్కించండి. ఓ జానెడు బయట మిగలాలి. అప్పుడు హ్యాండిల్‌ను చేత్తో, నెమ్మదిగా తిప్పితే పిస్టన్ పైకొచ్చి తాడు ముద్దను వాల్వు మీదికి నొక్కుతుంది. కుషన్‌లా మెత్తగా ఎదురొత్తు తగలాలి. అక్కడ ఆపి, పైనుంచి టోపీని మెలితిప్పుతూ ఆయిల్ వేస్తూ ఉండండి. కాసేపటికి హ్యాండిల్ ఒక అంగుళం ముందుకు జారుతుంది, అంటే వాల్వు కదిలింది. వెనక్కి తిప్పి, తాడు తీసి, చూసి, మళ్లీ పెట్టండి. హ్యాండిల్‌కు పైపు తొడిగి పొడవు పెంచి బలం వేయడం మాత్రం వద్దు. వాల్వు తల వంగిపోతే ఇక ఎన్నటికీ సీటు మీద కూర్చోదు.

మూడు రోజులు ఇలా చేసినా కదలకపోతే హెడ్డు విప్పడమే తక్కువ ఖర్చు.

హెడ్డు విప్పాల్సి వస్తే

ఈ ఇంజన్‌లో ఒక తిరకాసుంది. రాకర్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే నట్లలో నాలుగు హెడ్డును కూడా పట్టి ఉంచుతాయి. వాటిని మాత్రమే విప్పితే హెడ్డు ఒక పక్క వదులై, రెండో పక్క బిగువుగా ఉండి మెలిపడుతుంది, నీళ్లు సిలిండర్లలోకి, అక్కడి నుంచి అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతాయి. అందువల్ల రాకర్లు మాత్రమే తీయాలన్నా ముందు రేడియేటర్, బ్లాకు నీళ్లు ఖాళీ చేసి, హెడ్డు నట్లన్నీ చివర్ల నుంచి మధ్యకు, తలా పావు చుట్టు చొప్పున వదులు చేయాలి.

హెడ్డుకు, బ్లాకుకు మధ్య ఉండే పాత గాస్కెట్ రాగి, ఆస్‌బెస్టాస్ కలిపి చేసినది అయి ఉండొచ్చు. దాన్ని తడిపి గీకండి. ఎమెరీ వేసి పొడి లేపడం, గాలితో ఊదడం ఊపిరితిత్తులకు ప్రమాదం.

స్ప్రింగు కంప్రెసర్‌తో టోపీ నొక్కి, దాన్ని స్టెమ్‌కు పట్టి ఉంచే లాకులు తీయండి. వాల్వు బయటికి కొట్టే ముందు స్టెమ్ కొనను వేలితో తడిమి చూడండి. రాకర్ దెబ్బలకు కొన కాస్త పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటుంది. ఆ అంచును సన్న ఆకురాయితో చుట్టూ రాసేశాకే వాల్వును కిందికి జార్చాలి. ఈ ఒక్క అడుగు మరిచిపోయి మంచి గైడును లోపలంతా గీరేసుకునేవాళ్లు ఎందరో.

ఇంకా రాకపోతే హెడ్డును తలకిందులు చేసి పోర్టుల్లో డీజిల్ నింపి రాత్రంతా ఉంచండి. తర్వాత మరిగే నీళ్లు హెడ్డు మీద పోసి, వేడిగా ఉండగానే ఇత్తడి కడ్డీతో తట్టండి. వచ్చిన స్టెమ్‌ను అసిటోన్‌తో తుడిచి, 600 నంబరు ఎమెరీతో తేలిగ్గా మెరుగు పెట్టండి. గైడులో ఇత్తడి బ్రష్షు ఆడించండి. స్టెమ్ మీద గోటికి తగిలే గుంటలు, మెట్టు ఉంటే వాల్వు మార్చాల్సిందే.

గైడు అరుగుదల చూడటానికి వాల్వును సీటు నుంచి అర అంగుళం ఎత్తి తలను పక్కలకు ఆడించండి. కంటికి బాగా తెలిసేంత ఊగితే కొత్త గైడు. కొత్త గైడు కొట్టించాక ఎగ్జాస్ట్‌కు ఆ 2, 3 థౌల సందు ఉండేలా రీమర్ వేశారో లేదో దగ్గరుండి చూసుకోండి. చేత్తో ఎత్తి వదిలిన వాల్వు ఆయిల్ తడిలో తన బరువుకే జారి కిందికి దిగాలి. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల ఈ పని తెలిసిన పాత చేతులు ఇంకా ఉన్నాయి. హెడ్డు అక్కడికి వెళ్లినప్పుడే ఎగ్జాస్ట్‌కు గట్టి సీట్లు కూడా వేయించేస్తే మళ్లీ విప్పే పని తప్పుతుంది.

గ్రైండింగ్ పేస్టుతో సీటు రాసినప్పుడు చుట్టూ సమానంగా, ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున బూడిద రంగు పట్టీ రావాలి. ముతక పేస్టుతో మొదలెట్టి సన్నదానితో ముగించండి. పేస్టు కణం ఒక్కటి గైడులో మిగిలినా స్టెమ్‌ను తినేస్తుంది, కాబట్టి కిరోసిన్‌తో రెండుసార్లు కడగండి. బిగించాక పోర్టులో కిరోసిన్ పోసి ఐదు నిమిషాలు చూడండి. సీటు దగ్గర చెమ్మ కనిపిస్తే మళ్లీ రాయాలి.

కొత్త గాస్కెట్ మీద ‘టాప్’, ‘ఫ్రంట్’ అని గుర్తులుంటాయి, వాటి ప్రకారమే వేయండి. హెడ్డు నట్లు మధ్య నుంచి బయటికి చుట్టుతూ 15, 30, చివరికి 40 పౌండ్-అడుగులకు, అంటే 54 న్యూటన్ మీటర్లకు, మూడు విడతల్లో బిగించాలి. రాకర్ షాఫ్ట్‌ను మోసే పెడెస్టళ్ల చిన్న నట్లకు 25 చాలు.

టాపెట్ గ్యాప్

1489 సీసీ ఇంజన్‌కు రెండు వైపులా 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. మీ బండి మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్నే పాటించండి. కామ్ మారి ఉంటే గ్యాప్ కూడా మారుతుంది. మొదట చల్లగా ఉన్నప్పుడు పెట్టుకుని, ఇంజన్ నడిచాక వేడి మీద మళ్లీ చూసుకోవాలి.

ఏ వాల్వును ఎప్పుడు చూడాలన్నదానికి సులువైన సూత్రం, రెండు నంబర్ల మొత్తం తొమ్మిది కావాలి. 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దాని గ్యాప్ చూడాలి. హ్యాండిల్ తిప్పుతూ పోతే వరుస ఇలా వస్తుంది:

8 తెరిస్తే 1
6 తెరిస్తే 3
4 తెరిస్తే 5
7 తెరిస్తే 2
1 తెరిస్తే 8
3 తెరిస్తే 6
5 తెరిస్తే 4
2 తెరిస్తే 7

రెండు చుట్లలో ఎనిమిదీ అయిపోతాయి. ప్లగ్గులు తీసి ఉంటే చేతికి శ్రమ ఉండదు.

లాక్ నట్టును రింగు స్పానర్‌తో వదులు చేసి, స్క్రూడ్రైవర్‌తో స్క్రూను తిప్పండి. లోపలికి తిప్పితే గ్యాప్ తగ్గుతుంది. ఫీలర్ రేకును పెట్టి లాగితే తడి గుడ్డ మధ్య నుంచి కాగితం లాగినట్టు, కాస్త పట్టు తగులుతూ రావాలి. 16 థౌ రేకు దూరకూడదు. ఆ పట్టు దగ్గర స్క్రూడ్రైవర్‌ను కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, మళ్లీ రేకు పెట్టి చూడండి. నట్టు బిగిసేటప్పుడు స్క్రూ మరలో లేచి గ్యాప్ ఒకటి రెండు థౌలు మారుతుంది. బిగించాక చూడకపోతే పెట్టిన అంకెకు అర్థం లేదు.

ఒకచోట ఫీలర్ గేజ్ కూడా మోసం చేస్తుంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన రాకర్ ముక్కు మీద స్టెమ్ కొన పడిన చోట చిన్న గుంట పడుతుంది. రేకు ఆ గుంట మీద వంతెనలా ఆగుతుంది, లోపలికి దిగదు. చేతికి 15 తగిలినా లోపల నిజం గ్యాప్ 20 పైనే ఉంటుంది. గ్యాప్ సరిగ్గా పెట్టినా టకటకమనే ఇంజన్లలో చాలావాటి కథ ఇదే. రాకర్ ముక్కును గ్రైండింగ్ చేయించాలి లేదా మార్చాలి. స్క్రూను ఇంకా బిగించి చప్పుడు ఆపాలని చూడకండి.

గ్యాప్ తగ్గించి ఇంజన్‌ను నిశ్శబ్దంగా చేసివ్వమని అడిగేవాళ్లు చాలామంది. ఎగ్జాస్ట్ వాల్వు తల తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనిన క్షణాల్లోనే వదులుకుంటుంది. గ్యాప్ చాలకపోతే వేడికి స్టెమ్ పొడుగై వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి పోయే దారి ఉండదు, మంట సందులోంచి దూసుకుపోతూ అంచును కోసేస్తుంది. ఈ ఇంజన్‌కు కుట్టుమిషన్‌లా సన్నటి టాపెట్ చప్పుడు ఉండటమే ఆరోగ్యం.

మొదటి స్టార్ట్

సిలిండర్లలో పోసిందంతా రింగులు దాటి సంపులోకి దిగి ఉంటుంది. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ తప్పకుండా మార్చండి, పలచబడ్డ ఆయిల్‌తో స్టార్ట్ చేస్తే బేరింగులు పోతాయి. ట్యాంకులోని పాత పెట్రోల్ కూడా తీసేయండి. అది ఉన్నంతకాలం అదే జిగురు మళ్లీ వచ్చి స్టెమ్ మీద చేరుతుంది.

ప్లగ్గులు లేకుండానే, రంధ్రాల మీద గుడ్డ కప్పి, ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు కొట్టి, అర నిమిషం ఆపి, మళ్లీ. రాకర్లన్నిటి మీదా ఆయిల్ తడి కనిపించేదాకా ఆగకండి. ఒక రాకర్ పొడిగా ఉంటే షాఫ్ట్ రంధ్రం పూడిందని అర్థం, దాన్ని అలాగే నడిపితే బుష్షు పోతుంది. తర్వాత కంప్రెషన్ చూడండి. అంకె ఎంతన్నదాని కన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. పది శాతం లోపు ఉంటే నిశ్చింతగా ప్లగ్గులు బిగించొచ్చు.

స్టార్ట్ అయ్యాక మొదటి పది నిమిషాలు మసి కాలి నీలం, తెలుపు పొగ రావడం మామూలే. కార్బురేటర్‌లోకి తిరిగి ‘ఫట్’మని పేలితే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో పేలితే ఎగ్జాస్ట్ ఇంకా ఆగి ఆగి మూసుకుంటోంది. వెంటనే ఆపి, ఆ వాల్వు దగ్గరికే మళ్లీ వెళ్లాలి. నడిస్తే పోతుందిలే అని తోలొద్దు.

హెడ్డు విప్పి వేసినవాళ్లు ఇంజన్ బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక నట్లను మళ్లీ 40కి సరిచూడాలి. గాస్కెట్ నలిగి హెడ్డు ఒక వెంట్రుకవాసి కిందికి దిగితే టాపెట్ గ్యాప్ తగ్గుతుంది, కాబట్టి నట్లు బిగించిన ప్రతిసారీ గ్యాప్ కూడా చూడాలి. గట్టి సీట్లు లేని హెడ్డయితే మొదట్లో ప్రతి 1500 కిలోమీటర్లకు చూస్తూ, ప్రతిసారీ వచ్చిన అంకెలను ఎనిమిది గళ్లుగా నోటుబుక్కులో రాసుకోండి. ఏ సీటు అరుగుతోందో మిస్సు రాకముందే ఆ పేజీలో కనిపిస్తుంది.

మళ్లీ నిలబెట్టేటప్పుడు

పదిహేను రోజులకోసారి ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పండి. షెడ్డులోనే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. కాలిన పెట్రోల్ నుంచి పుట్టిన నీటి ఆవిరి బయటికి పోయేంత వేడి రాదు, ఆ తేమంతా ఎగ్జాస్ట్ స్టెమ్‌ల మీదే మిగులుతుంది. లీటరు పెట్రోల్‌కు 5 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపితే ఇన్‌లెట్ గైడులకు కాస్త జిడ్డు అందుతుంది.

నెలల తరబడి ఆపాల్సి వస్తే, ఆఖరిసారి ఇంజన్ వేడిగా ఉండగా కార్బురేటర్ నోట్లోకి ఆయిల్ స్ప్రే కొడుతూ పొగ మధ్యలోనే ఆపేయండి. ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేయండి. సైలెన్సర్ మూతికి, ఎయిర్ ఫిల్టర్‌కు ఆయిల్ గుడ్డలు కుక్కి, స్టీరింగుకు చీటీ కట్టండి, మళ్లీ తీసేటప్పుడు వాటిని మరిచిపోకుండా. నెలకోసారి ఆ గుడ్డలు తీసి, ప్లగ్గులు విప్పి, హ్యాండిల్‌తో ఇంజన్‌ను ఒక చుట్టున్నర తిప్పి వేరే చోట ఆపండి. ఎప్పుడూ అవే రెండు వాల్వులు తెరుచుకుని ఉండకుండా.